గుర్తులు మారిన లెక్కలు: రీజనింగ్‌లో చిహ్నాల మార్పిడి ప్రశ్నలను సాధించే పద్ధతి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక శిక్షణ కేంద్రంలో నేను రీజనింగ్ చెబుతాను. ప్రతి నమూనా పరీక్ష తరువాత విద్యార్థుల రఫ్ కాగితాలను అడిగి తీసుకోవడం నాకు అలవాటు. జవాబు తప్పయిందని మార్కులు చెబుతాయి గాని, ఎక్కడ తప్పిందో చెప్పేది ఆ కాగితమే. ఈ మధ్య చూసిన ఒక కాగితం మీద మైనస్ గుర్తుకు పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పెట్టి దానిని భాగహారంగా మార్చారు. పక్కనే ఉన్న ప్లస్ గుర్తు మీద ఏటవాలుగా మరో రెండు గీతలు గీసి గుణకారం చేయబోతే అది నక్షత్రంలా తయారైంది. రెండు వరుసలు దాటాక ఆ నక్షత్రాన్ని రాసిన అమ్మాయే దానిని మళ్లీ ప్లస్‌గా చదువుకుంది. ఆ అమ్మాయికి ఎక్కాలు వచ్చు, ఏ ప్రక్రియ ముందు చేయాలో చెప్పే బోడ్‌మాస్ నియమం వచ్చు. ఆ బిట్టుకు మార్కు మాత్రం రాలేదు.

చిహ్నాల మార్పిడి ప్రశ్నలలో, అంటే +, −, ×, ÷ గుర్తుల అర్థాలను తారుమారు చేసి లెక్క కట్టమనే వాటిలో, జరిగే తప్పులలో ఎక్కువ భాగం ఇలాంటివే. వీటికి కావలసిన గణితం ఆరో తరగతి దాటదు. రైల్వే ఎన్‌టీపీసీ, గ్రూప్-డి, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఉద్యోగ పరీక్షలకు విశాఖలో సిద్ధమవుతున్నవారందరికీ ఈ బిట్లు పరిచయమే. ఎస్ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ స్థాయి ఉద్యోగ పరీక్ష) మొదటి అంచెలో 60 నిమిషాలలో 100 ప్రశ్నలు చేయాలి కనుక ఒక్కో దానికి సగటున 36 సెకన్లు దక్కుతాయి. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. ఎన్‌టీపీసీ మొదటి అంచెలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు కనుక సగటు 54 సెకన్లు. అక్కడ తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఈ లెక్కన చూస్తే, తెలిసిన ప్రశ్నను తొందరపడి తప్పు చేయడం కన్నా పెద్ద నష్టం లేదు. అందువల్ల ఈ మార్గదర్శిలో వేగం గురించి చెప్పే ముందు వరుసగా, తప్పు జరగకుండా చేసే పద్ధతి చెబుతాను. వేగం ఆ పద్ధతి నుంచే వస్తుంది.

మొదట తెలుసుకోవలసినది: ప్రాధాన్యం గుర్తుది కాదు, ప్రక్రియది

మనం రాసే గుర్తులు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు. సమాన గుర్తును రాబర్ట్ రికార్డ్ 1557లో, గుణకార గుర్తును విలియం ఆట్రెడ్ 1631లో, భాగహార గుర్తును యోహాన్ రాన్ 1659లో అచ్చు పుస్తకాలలో వాడుకలోకి తెచ్చారు. అంతకు ముందు కూడా ప్రపంచమంతా కూడుతూ, గుణిస్తూనే ఉంది. అంటే గుర్తు మనుషులు పెట్టుకున్న పేరు మాత్రమే. పని వేరు, పేరు వేరు. ప్రశ్నపత్రం తయారు చేసేవారు ఆ పేర్లను తారుమారు చేస్తారు, పనులను మాత్రం మార్చలేరు. అందుకే "+ అంటే ×" అని ప్రశ్నలో చెప్పినప్పుడు ఆ ప్లస్‌కు గుణకారపు అర్థంతోబాటు గుణకారపు ప్రాధాన్యం కూడా వస్తుంది. గుర్తు ఆకారం చూసి "ఇది ప్లస్ కదా, చివర చేద్దాం" అనుకున్నవారు అక్కడే దారి తప్పుతారు.

ఇక ప్రాధాన్య క్రమం. మొదట కుండలీకరణాలు, తరువాత "లో" లేదా "యొక్క" అనే మాటతో వచ్చే గుణకారం, ఆ తరువాత భాగహారం, గుణకారం, చివర కూడిక, తీసివేత. గుణకారం కూడిక కన్నా ముందు ఎందుకు రావాలో పుస్తకం చూడకుండా ఎంవీపీ కాలనీ రైతుబజారులో తెలుసుకోవచ్చు. 10 రూపాయల కొత్తిమీర కట్ట ఒకటి, కిలో 20 రూపాయల చొప్పున 3 కిలోల వంకాయలు తీసుకుంటే బిల్లు 10 + 3 × 20 అవుతుంది. అది 70 రూపాయలు. ముందు కూడి తరువాత గుణిస్తే 260 వస్తుంది; ఆ డబ్బు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

బోడ్‌మాస్ అనే మాటను బట్టీ పట్టినవారు చేసే పొరపాటు మరొకటుంది. ఆ మాటలో కూడిక అక్షరం తీసివేత అక్షరం కన్నా ముందుంది కాబట్టి కూడికే ముందు చేయాలని అనుకుంటారు. నిజానికి కూడిక, తీసివేత రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి ఏది ముందు వస్తే అది ముందు చేయాలి. భాగహారం, గుణకారం కూడా అంతే. 18 మందితో వస్తున్న బస్సులో మద్దిలపాలెం దగ్గర 6గురు దిగి, ఇసుకతోట దగ్గర 6గురు ఎక్కితే బస్సులో ఉన్నది 18 మందే. 18 − 6 + 6 అంటే అదే. కూడిక ముందు చేసి 12ను 18 నుంచి తీసివేసినవారికి బస్సులో 6గురే మిగులుతారు. ఈ బస్సును గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

"లో" అన్న మాటకు మాత్రం మన పరీక్షలలో ప్రత్యేక స్థానం ఉంది. 36 ÷ 3 × 4 అంటే ఎడమ నుంచి చేసుకుంటూ పోతే 12 × 4, అంటే 48. అదే 36 ÷ 3 యొక్క 4 అని రాస్తే, 3 యొక్క 4 అనే 12ను ముందు కట్టి, 36ను 12తో భాగించి 3 అని రాయాలి. మార్పిడి ప్రశ్నలలో ఈ మాట అరుదుగానే వస్తుంది, కానీ వచ్చినప్పుడు రెండు జవాబులూ ఆప్షన్లలో పెడతారు.

మొదటి రకం: ఏది దేనిని సూచిస్తుందో ప్రశ్నలోనే చెప్పినవి

ఒక ఉదాహరణను పూర్తిగా చేద్దాం. "+ అంటే ×, × అంటే −, − అంటే ÷, ÷ అంటే + అయితే, 36 − 4 + 3 ÷ 8 × 5 విలువ ఎంత?"

రఫ్ కాగితం మీద మొదట చేయవలసినది లెక్క కాదు, చిన్న పట్టిక. ప్రశ్నలో ఇచ్చిన గుర్తులను పై వరుసలో, వాటి అసలు అర్థాలను సరిగ్గా కింది వరుసలో రాయండి. పైన + × − ÷, కింద × − ÷ +. ఇందుకు నాలుగైదు సెకన్లకు మించి పట్టదు. తరువాత లెక్కలోని సంఖ్యలను మాత్రమే మధ్యలో ఖాళీలు వదులుతూ రాయండి: 36, 4, 3, 8, 5. ఇప్పుడు ప్రశ్నలోని గుర్తును ఒక్కొక్కటిగా చూస్తూ, పట్టికలో దాని కింద ఉన్నదానిని ఖాళీలో నింపండి. మొదటి ఖాళీలో మైనస్ కింద ఉన్న భాగహారం, రెండో ఖాళీలో ప్లస్ కింద ఉన్న గుణకారం, మూడో దానిలో కూడిక, నాలుగో దానిలో తీసివేత వస్తాయి. వరుస ఇలా తయారవుతుంది: 36 ÷ 4 × 3 + 8 − 5.

ఈ వరుస పూర్తయ్యాక ఇక ప్రశ్న వైపు చూడకండి. కళ్లు పాత గుర్తుల మీదికి వెళ్లాయంటే మనసు మళ్లీ మార్చడం మొదలుపెడుతుంది. 36 ÷ 4 అంటే 9. 9 × 3 అంటే 27. 27 + 8 అంటే 35. 35 − 5 అంటే 30. జవాబు 30.

ఇదే లెక్కలో రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, 4 × 3 ముందు చేసి 36 ÷ 12 అని 3 రాయడం. అలా చేస్తే చివరకు 6 వస్తుంది. రెండోది ఇంకా ప్రమాదకరమైనది. కొందరు వరుసను కొత్తగా రాయరు. ఉన్న వరుస మీదే నియమాలను ఒకదాని తరువాత ఒకటి అమలు చేస్తారు. ఏం జరుగుతుందో చూడండి. "+ అంటే ×" అని ముందు మార్చితే 36 − 4 × 3 ÷ 8 × 5 వస్తుంది. ఇప్పుడు వరుసలో రెండు గుణకారాలున్నాయి; ఒకటి ప్రశ్నలోది, మరొకటి మనం ఇప్పుడే మార్చినది. "× అంటే −" అనగానే రెండూ మైనస్ అవుతాయి: 36 − 4 − 3 ÷ 8 − 5. "− అంటే ÷" అనగానే వరుసంతా భాగహారమవుతుంది. చివర "÷ అంటే +" అనేసరికి 36 + 4 + 3 + 8 + 5 మిగులుతుంది, 56 వస్తుంది. నాలుగు రకాల ప్రక్రియలున్న లెక్క ఒట్టి కూడికగా మిగిలిపోయింది. మార్చినదానిని మళ్లీ మార్చకూడదు. నాలుగు మార్పులూ ఒకేసారి, పాత వరుసను చూస్తూ కొత్త వరుసలో జరగాలి. సంఖ్యలు ముందు రాసి ఖాళీలు నింపమన్నది అందుకే. ఆ పద్ధతిలో ఒక గుర్తును రెండుసార్లు మార్చే అవకాశమే ఉండదు.

మార్పు ఏకపక్షమా, పరస్పరమా

ప్రశ్నలోని క్రియాపదాన్ని శ్రద్ధగా చదవాలి. "+ అంటే ×" అన్నప్పుడు ప్లస్‌కే కొత్త అర్థం వచ్చింది. గుణకార గుర్తు గురించి ఏమీ చెప్పకపోతే అది తన పాత అర్థంతోనే ఉంటుంది. "+, × లను పరస్పరం మార్చితే" అన్నప్పుడు మాత్రం ప్లస్ ఉన్నచోట గుణకారం, గుణకారం ఉన్నచోట ప్లస్ రావాలి. ఉదాహరణకు "+ అంటే ×, − అంటే + అయితే 7 + 3 − 4 × 2 ఎంత?" అంటే 7 × 3 + 4 × 2, జవాబు 29. ఇక్కడ చివరి గుణకారాన్ని ఎవరూ ముట్టుకోమనలేదు. పట్టికలో లేని గుర్తు వరుసలో కనబడితే దానిని ఉన్నదున్నట్టు దించాలి.

పరస్పర మార్పుకు ఒక లెక్క: "+, × లను, అలాగే −, ÷ లను పరస్పరం మార్చితే 18 ÷ 6 × 24 − 8 + 2 విలువ ఎంత?" ఖాళీలు నింపితే 18 − 6 + 24 ÷ 8 × 2 వస్తుంది. 24 ÷ 8 అంటే 3, 3 × 2 అంటే 6. మిగిలినది 18 − 6 + 6. మన బస్సు ఇదే. జవాబు 18, ఆప్షన్లలో 6 కూడా తప్పకుండా కనబడుతుంది.

గుర్తులకు బదులు అక్షరాలిచ్చే ప్రశ్నలూ ఇదే కోవలోనివి, నిజానికి ఇవి సులువు. "క అంటే కూడిక, గ అంటే తీసివేత, చ అంటే గుణకారం, ట అంటే భాగహారం అయితే 45 ట 9 చ 7 గ 12 క 6 ఎంత?" అన్నప్పుడు అక్షరానికి పాత అర్థమేదీ లేదు గనుక మనసు వెనక్కి లాగదు. 45 ÷ 9 × 7 − 12 + 6, అంటే 35 − 12 + 6, అంటే 29. ఈ రకం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు.

సంఖ్యలు కూడా మారినప్పుడు

ఇటీవలి రైల్వే ప్రశ్నపత్రాలలో గుర్తులతోబాటు సంఖ్యలను కూడా మార్చమంటున్నారు. ఇక్కడ "సంఖ్యలు", "అంకెలు" అన్న రెండు మాటల మధ్య తేడా మార్కును నిర్ణయిస్తుంది. "+, × లను, 4, 6 అనే సంఖ్యలను పరస్పరం మార్చితే 64 × 6 + 2 ఎంత?" అన్నారనుకోండి. 64 అనేది వేరే సంఖ్య. అందులో 6, 4 అంకెలు ఉన్నాయే తప్ప అది 6 అనే సంఖ్యా కాదు, 4 అనే సంఖ్యా కాదు. కాబట్టి 64 కదలదు. విడిగా ఉన్న 6 మాత్రం 4 అవుతుంది: 64 + 4 × 2, జవాబు 72. అదే "4, 6 అంకెలను మార్చితే" అంటే 64 కాస్తా 46 అవుతుంది: 46 + 4 × 2, జవాబు 54. తెలుగు అనువాదంలో సందేహం కలిగినప్పుడు తెరమీద ఇంగ్లిష్ పాఠాన్ని కూడా ఒకసారి చూసుకోవడం మంచిది; అందుకు వీలు ఉంటుంది. ఈ రకంలో సంఖ్యలను ముందు మార్చి రాసుకుని, తరువాత ఖాళీలలో గుర్తులు నింపండి. రెండూ కలిపి ఒకేసారి చేయబోతే కన్ను ఒకదానిని వదిలేస్తుంది.

అసలైన పరీక్ష: ఏ రెండు గుర్తులు మార్చాలో మీరే కనిపెట్టాలి

సమీకరణం తప్పుగా ఇచ్చి, ఏ రెండు గుర్తులను పరస్పరం మార్చితే అది సరి అవుతుందో చెప్పమనే ప్రశ్నలు ఉన్నాయి. నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇవే, ఎందుకంటే ఇక్కడ లెక్క చేయడం కన్నా లెక్కను చూడటం ముఖ్యం. నాలుగు ఆప్షన్లనూ వరుసగా పెట్టి, ఒక్కొక్కటీ చివరిదాకా చేసుకుంటూ పోతే జవాబు తప్పక వస్తుంది, కానీ ఒకటిన్నర నిమిషం పోతుంది. చూపు అలవడితే ఇరవై సెకన్లలో తేలిపోతుంది. ఆ చూపుకు మూడు ఆధారాలున్నాయి.

మొదటి ఆధారం పరిమాణం. "15 + 12 − 6 ÷ 3 × 4 = 182 కావాలంటే ఏ రెండు గుర్తులు మార్చాలి? ఆప్షన్లు: + మరియు −, + మరియు ×, − మరియు ÷, ÷ మరియు ×." కుడివైపు 182 ఉంది. ఎడమవైపు పెద్ద సంఖ్యలు 15, 12 మాత్రమే. 12, 6, 3, 4 లలో పక్కపక్కనున్న రెండింటిని గుణిస్తే అన్నింటికన్నా ఎక్కువగా 72 వస్తుంది. దానికి 15 కలిపినా 182 దరిదాపులకు చేరదు. 15 × 12 అంటే 180. కాబట్టి 15కూ 12కూ మధ్య గుణకారం ఉండి తీరాలి, అంటే + స్థానంలోకి × రావాలి. ఆ మార్పు ఉన్న ఆప్షన్ ఒక్కటే. సరిచూసుకుందాం: 15 × 12 − 6 ÷ 3 + 4, అంటే 180 − 2 + 4, సరిగ్గా 182. మిగిలిన మూడు ఆప్షన్ల జోలికి వెళ్లనే లేదు.

రెండో ఆధారం భాగహారం. కుడివైపు పూర్ణసంఖ్య ఉంటే ఎడమవైపు నిశ్శేషంగా భాగింపబడని భాగహారం మిగలకూడదు. "72 − 8 × 6 + 14 ÷ 9 = 59; ఆప్షన్లు: − మరియు ÷; − మరియు +; × మరియు +; × మరియు ÷" అన్న ప్రశ్నను చూడండి. కంటికి మొదట గుచ్చుకోవలసినది 14 ÷ 9. ఇది ఇలాగే ఉండిపోతే మొత్తం పూర్ణసంఖ్య కాదు. కనుక − మరియు + మార్చమన్న ఆప్షన్ పోయింది, ఎందుకంటే ఆ మార్పు భాగహారాన్ని తాకదు. × మరియు + మార్చితే చివర 6 × 14 ÷ 9 వస్తుంది. 84ను 9 నిశ్శేషంగా భాగించదు, అదీ పోయింది. × మరియు ÷ మార్చితే 8 ÷ 6 వస్తుంది, అదీ నిలవదు. మిగిలినది − మరియు ÷. సరిచూస్తే 72 ÷ 8 × 6 + 14 − 9, అంటే 54 + 5, సరిగ్గా 59. జవాబును కనిపెట్టడానికి ఒక్క కూడిక కూడా చేయలేదని గమనించండి. చేసినది చివర సరిచూసుకోవడానికే.

అయితే ఈ ఆధారాన్ని వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. "48 × 6 ÷ 5 + 20 − 8 = 52; ఆప్షన్లు: × మరియు ÷; + మరియు −; × మరియు +; ÷ మరియు −." రెండో ఆప్షన్‌లో 48 × 6 ÷ 5 అలాగే ఉంటుంది, 288 చివర 0 గాని 5 గాని లేదు, కాబట్టి అది పోయింది. నాలుగో దానిలో 20 ÷ 8 వస్తుంది, అదీ పోయింది. మూడో ఆప్షన్‌లో 48 + 6 ÷ 5 × 20 − 8 వస్తుంది. 6ను 5 భాగించదు కదా అని దీనిని కూడా వెంటనే కొట్టేస్తే ఆలోచనలో తప్పు జరిగినట్టే, ఎందుకంటే తరువాత ఉన్న × 20 ఆ భిన్నాన్ని తిరిగి పూర్ణసంఖ్య చేస్తుంది: 6 ÷ 5 × 20 అంటే 24. కాబట్టి ఈ ఆప్షన్‌ను లెక్క కట్టి చూడాల్సిందే. 48 + 24 − 8 అంటే 64, మనకు కావలసిన 52 కాదు. ఇక మొదటి ఆప్షన్: 48 ÷ 6 × 5 + 20 − 8, అంటే 40 + 20 − 8, అంటే 52. ఇక్కడ కొట్టేయడం వల్ల నష్టం రాలేదు గాని, మరో ప్రశ్నలో అదే సరైన జవాబు కావచ్చు. రెండు కూడిక, తీసివేత గుర్తుల మధ్య గుణకార భాగహారాలతో కట్టిన ముక్క మొత్తాన్ని ఒకటిగా చూసి, ఆ ముక్క పూర్ణసంఖ్య అవుతుందో లేదో నిర్ణయించాలి.

మూడో ఆధారం సరి, బేసి. రెండు ఆప్షన్లు మిగిలి, సమయం తక్కువగా ఉన్నప్పుడు దీనిని వాడాలి. గుణకారంలో ఒక్క సరిసంఖ్య ఉంటే చాలు, లబ్ధం సరి అవుతుంది. కూడికలో, తీసివేతలో బేసిసంఖ్యల లెక్క బేసిగా ఉంటేనే ఫలితం బేసి అవుతుంది. 48 × 6 ఉన్న లెక్కకు కుడివైపు బేసి రావాలంటే ఆ బేసితనం మరో ముక్క నుంచే రావాలని వెంటనే తెలుస్తుంది. కానీ భాగహారపు ఫలితానికి ఇలాంటి నియమం లేదు: 12 ÷ 4 బేసి, 12 ÷ 6 సరి. అందువల్ల భాగహారాన్ని ముందు నిజంగా చేసేసి, ఆ తరువాతే సరి బేసి చూడాలి.

నాలుగు గుర్తులూ ఒక్కొక్కసారి వచ్చిన లెక్కలో రెండు గుర్తులను పరస్పరం మార్చే మార్గాలు 6 మాత్రమే. ప్రశ్నలో ఇచ్చేవి అందులో 4. ఇంటి దగ్గర సాధన చేసేటప్పుడు ఆప్షన్లను మూసిపెట్టి ఆ 6 మార్గాలలో ఏది సరిపోతుందో కనిపెట్టమని నా విద్యార్థులకు చెబుతాను. ఆప్షన్ల ఆసరా లేకుండా వారం రోజులు చేసినవారికి అవి కనబడగానే దారి తెలిసిపోతుంది.

ఖాళీలలో గుర్తులు నింపమన్నప్పుడు

"18 ∗ 3 ∗ 4 ∗ 12 ∗ 12 లో నక్షత్రాల స్థానంలో ఏ వరుస సరిపోతుంది? ఆప్షన్లు: ÷ × − =; × − ÷ =; + × = −; ÷ + = −." ఈ రకంలో సమాన గుర్తు ఎక్కడ పడిందో ముందు చూడాలి. మూడో, నాలుగో ఆప్షన్లలో అది 4 తరువాత పడింది; అప్పుడు కుడివైపు 12 − 12, అంటే సున్నా. ఎడమవైపు కూడికతో ఉన్న ధనసంఖ్యలు సున్నా కావు. రెండూ ఒకే చూపులో పోయాయి. రెండో ఆప్షన్‌లో 4 ÷ 12 వస్తుంది, అది పూర్ణసంఖ్య కాదు. మొదటిదానిలో 18 ÷ 3 × 4 − 12, అంటే 24 − 12, అంటే 12. సరిపోయింది.

నియమం చెప్పకుండా ఉదాహరణలు ఇచ్చినప్పుడు

మరో రకంలో పట్టిక మనమే తయారు చేసుకోవాలి. "7 + 2 = 14, 9 × 4 = 5, 12 − 3 = 4 అయితే 10 − 2 + 6 × 8 ఎంత?" ఒక్కో ఉదాహరణ ఒక్కో గుర్తు గుట్టు చెబుతుంది: + అంటే గుణకారం, × అంటే తీసివేత, − అంటే భాగహారం. అప్పుడు 10 ÷ 2 × 6 − 8, జవాబు 22. ఇక్కడ చిన్న సంఖ్యలతో జాగ్రత్త. "4 + 2 = 2" అని ఇస్తే అది తీసివేత కావచ్చు, భాగహారమూ కావచ్చు. "2 − 2 = 4" అని ఇస్తే కూడిక కావచ్చు, గుణకారమూ కావచ్చు. ఇలాంటి ఉదాహరణను పక్కన పెట్టి, మిగిలిన వాటితో ఏ గుర్తులు తేలాయో చూసి, మిగిలిపోయిన అర్థాన్ని దీనికి ఇవ్వాలి.

జవాబును పది సెకన్లలో సరిచూసుకోవడం

మళ్లీ మొదటి నుంచి చేసి సరిచూసుకోవడం సరైన పద్ధతి కాదు, ఎందుకంటే చేసిన తప్పునే రెండోసారీ చేస్తాము. వేరే దారిలో చూడాలి. గుర్తులు మార్చాక 17 × 13 + 24 ÷ 8 − 6 వచ్చిందనుకుందాం. ఆప్షన్లు 212, 216, 218, 224. భాగహారం ముందు చేసి 3 అని రాసుకోండి. 17 × 13 చివరి అంకె 1. 1కి 3 కలిపి 6 తీస్తే రెండు తక్కువవుతుంది, పదిలోంచి రెండు తీస్తే 8. చివర 8 ఉన్న ఆప్షన్ 218 ఒక్కటే.

ఆప్షన్లన్నింటి చివర ఒకే అంకె ఉన్నప్పుడు తొమ్మిది శేషాల పద్ధతి, అంటే సంఖ్యలకు బదులు వాటి అంకెల మొత్తాలతో అదే లెక్క చేసే పద్ధతి, వాడాలి. 17లోని అంకెలు కూడితే 8, 13లోవి కూడితే 4. 8 × 4 అంటే 32, దాని అంకెల మొత్తం 5. దానికి 3 కలిపి 6 తీస్తే 2. జవాబు 218లో అంకెల మొత్తం 11, మళ్లీ కూడితే 2. రెండూ కలిశాయి. ఈ రెండు పద్ధతులూ భాగహారానికి నేరుగా పనిచేయవు. దానిని ముందు పూర్తి చేశాకే మొదలుపెట్టాలి. అంకెల మొత్తం కలవకపోతే జవాబు ఖచ్చితంగా తప్పు. కలిసినంత మాత్రాన ఖచ్చితంగా ఒప్పు అని చెప్పలేము, కానీ నాలుగు ఆప్షన్ల మధ్య ఎంచుకోవడానికి సాధారణంగా అది చాలు.

సాధన గురించి

పరీక్ష కంప్యూటర్ తెర మీద జరుగుతుంది, ప్రశ్న మీద గీతలు గీయడానికి వీలుండదు. కాబట్టి ఇంటి దగ్గర కూడా పుస్తకంలోని ప్రశ్న మీద కలం పెట్టకుండా, తెల్లకాగితం మీదే పట్టిక, ఖాళీల వరుస రాయడం అలవాటు చేసుకోవాలి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చునేవారైనా, గాజువాక నుంచి బస్సులో వచ్చేటప్పుడు ఫోనులో చేసేవారైనా రోజుకు పది లెక్కలు చేస్తే చాలు. తప్పయిన ప్రతి దాని పక్కన కారణం రెండు మాటల్లో రాయండి: "రెండుసార్లు మార్చాను", "కూడిక ముందు చేశాను", "అంకెకూ సంఖ్యకూ తేడా చూడలేదు". నేను చూసినంతలో, ఒక్కో విద్యార్థి తప్పులన్నీ ఒకటి రెండు కారణాల చుట్టూనే తిరుగుతుంటాయి. అక్షరాలు గందరగోళంగా రాసేవారు గుర్తుకూ సంఖ్యకూ మధ్య వేలెడంత చోటు వదలాలి. మొదట చెప్పిన ఆ అమ్మాయికి నేను సూచించిన మార్పు ఇదొక్కటే, పక్షం తరువాత ఆమె కాగితాల మీద నక్షత్రాలు కనబడలేదు.

ఈ మూడింటిని ఇప్పుడే చేసి చూడండి. ఒకటి: + అంటే ÷, ÷ అంటే −, − అంటే ×, × అంటే + అయితే 64 + 8 − 3 × 15 ÷ 9 ఎంత? రెండు: − మరియు ÷ లను, × మరియు + లను పరస్పరం మార్చితే 40 − 5 + 2 ÷ 6 × 9 ఎంత? మూడు: 21 − 7 × 5 + 12 ÷ 8 = 19 సరి కావాలంటే ఏ రెండు గుర్తులు మార్చాలి?

మొదటిదానికి జవాబు 30. మీకు 99 వచ్చి ఉంటే మార్చినదానిని మళ్లీ మార్చారు. రెండోదానికి 19, మీకు 1 వచ్చి ఉంటే మద్దిలపాలెం బస్సు దగ్గరికి వెళ్లి ఆ పేరా మళ్లీ చదవండి. మూడోదానిలో 12 ÷ 8 కంటపడగానే భాగహారాన్ని అక్కడి నుంచి కదిలించాలని తోచి ఉండాలి. మార్చవలసినవి − మరియు ÷.